‘ఉప్పు మెట్లు’ ఎవరి దగ్గరుంది?

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి లేవాలి. గడ్డం గీసుకోవాలి. బీరువా మీదున్న పుస్తకం దించి, దుమ్ము తుడిచి, పదిన్నరకల్లా పళ్ళ డాక్టరు క్లినిక్కుకి వెళ్ళి, దాన్ని పెద్ద టీచరు చేతిలో పెట్టి, బతుకుజీవుడా అని ఇంటికి రావాలి. గడ్డం దాకా పథకం సవ్యంగానే నడిచింది. స్టూలెక్కి చూస్తే బీరువా మీద పుస్తకం లేదు. అది ఉండాల్సిన చోట, సరిగ్గా దాని కొలతకి, దుమ్ము పడని జాగా ఒకటి నలుచదరంగా మెరుస్తోంది.

ఆయన స్టూలు మీదే కాసేపు ఉండిపోయాడు. దిగితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

ఊళ్ళో ఏడెనిమిది మంది పుస్తకాల పిచ్చివాళ్ళు నెలకొక ఆదివారం డాక్టరు క్లినిక్కులో, రోగులు కూర్చునే ముందు గదిలో కలిసేవారు. తమకు నచ్చిన పుస్తకం గురించి, దాన్ని రాసినవాళ్ళ గురించి ఒకరు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. డాక్టరుకి దెయ్యాల కథలంటే ప్రాణం. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు యాత్రా పుస్తకాలు తప్ప ముట్టడు. రోజంతా పైకీ కిందకీ తిరిగే మనిషికి అడ్డంగా తిరిగేవాళ్ళంటే మోజు ఉండడం సహజం. మొక్కల నర్సరీ నడిపే ఆవిడ కవిత్వం చదివి, అందరి మొహాలూ చూసి, అర్థం కాలేదని తెలుసుకుని, మళ్ళీ చదివేది. ఊరి గ్రంథాలయంలో హాలు ఖాళీగానే ఉంది కదా, పళ్ళ బొమ్మల మధ్య ఈ కూర్చోవడం ఏమిటని మెకానిక్కు ఒకట్రెండుసార్లు అన్నాడు. అక్కడ గాలాడదన్నారు పెద్ద టీచరు. ఆవిడ ఆడదంటే ఆడదు.

పెద్ద టీచరు ముప్పై మూడేళ్ళు బడి నడిపి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి ఆవిడ దగ్గర చదువు వచ్చింది, మిగతా సగానికి వణుకు వచ్చింది. కళ్ళజోళ్ళాయన రెండో సగం. ఇప్పుడాయనకి నలభై ఐదేళ్ళు, సొంత కళ్ళజోళ్ళ దుకాణం, కాస్త పొట్టా ఉన్నా, ఆవిడ మాత్రం ఏడో తరగతిలో ఆయన కూర్చున్న చోటుని బట్టి ‘మూడో బెంచీ’ అనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా ఆయన చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.

ఆవిడకి ప్రాణప్రదమైన నవల ‘ఉప్పు మెట్లు’. రాసినావిడ జీవితంలో రాసింది ఆ ఒక్కటేనట. ఒకసారి అచ్చయి మళ్ళీ అచ్చవలేదట. పోయిన సమావేశంలో పెద్ద టీచరు ఆ పుస్తకం గురించి ముప్పావుగంట చెప్పి, చివర్లో ఏమనుకున్నారో, గోధుమరంగు అట్ట ఉన్న దాన్ని సంచీలోంచి తీసి ఆయన చేతిలో పెట్టారు. చేతులు కడుక్కుని చదవాలి. పేజీ మడవకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంకొకరి కంట పడకూడదు. ఆ మూడో షరతు రెండుసార్లు చెప్పారు.

ఆయన ఇంటికి తీసుకెళ్ళి, చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, పదకొండు పేజీలు చదివాడు. పన్నెండో పేజీ తిప్పుతుంటే కాగితం చిన్నగా చిటుక్కుమంది. చిరగలేదు, కానీ చిరిగితే ఏమయ్యుండేదో కళ్ళకు కట్టింది. వెంటనే మూసి, ఎవరికీ అందకుండా బీరువా మీద పెట్టేశాడు. మధ్యలో పెద్ద టీచరు ఫోను చేసి ఎలా ఉందని అడిగితే, చివర్లో ఏడ్చేశానని చెప్పాడు. ఆవిడ వెంటనే, అయితే వచ్చే సమావేశంలో ఆ ముగింపు మీద నువ్వే మాట్లాడు అన్నారు.

ఇదీ ఆయన స్టూలు మీద నిలబడ్డ ఉదయానికి వెనకున్న కథ.

భార్యని అడిగాడు. ఆమెకి ఇందులో కంగారుపడే విషయమేమీ కనబడలేదు. గురువారం వచ్చిన వాళ్ళక్క ఫ్యాను తుడవడానికని స్టూలెక్కిందట, పుస్తకం కనిపిస్తే ఆ స్టూలు మీదే నిలబడి ముప్పై పేజీలు చదివేసిందట, చదువుతున్న మనిషి చేతిలోంచి పుస్తకం లాక్కోవడం పాపం కదా అని తనే ఇచ్చి పంపిందట. “మీరెలాగూ చదవట్లేదుగా” అంది భార్య. అది నిజం కాబట్టి ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు.

వదినగారిల్లు రెండు వీధుల అవతల. ఆవిడ నడివయసులో కారు నేర్చుకుంటున్న ధైర్యవంతురాలు. తలుపు తీసి మరిదిని చూడగానే కళ్ళు తుడుచుకుంది. ఆయన హడలిపోయాడు. కంగారుపడొద్దని, ఆ ముగింపు ఇంకా వదల్లేదని చెప్పింది. శుక్రవారం పొద్దున డ్రైవింగు క్లాసుకి వెళ్తే స్టీరింగు కనబడనంతగా కన్నీళ్ళొచ్చాయట. ఏమైందని నేర్పే ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియక పుస్తకమే ఇచ్చేసిందట.

పుస్తకం లేకపోయినా కథన్నా తెలిస్తే పదిన్నర దాకా బతకొచ్చని, చివర్లో ఏం జరుగుతుందో చెప్పమని వదినగారిని బతిమాలాడు.

“చెబితే ఇంకేం చదువుతారు మరిదిగారూ? ఆ సుఖం మీ చేతుల్లోంచి నేను లాక్కోను” అంది వదినగారు, లోకంలో దయంతా కళ్ళలో నింపుకుని.

డ్రైవింగు నేర్పే మైదానానికి వెళ్ళేసరికి తొమ్మిదైంది. నేర్పే ఆవిడ కారు బానెట్టుకి ఆనుకుని, ఒక కుర్ర శిష్యురాలు ప్లాస్టిక్కు కోన్లని ఒక్కొక్కటే పడగొడుతుంటే లెక్కపెడుతోంది. పుస్తకం పేరు వినగానే ఆవిడ కూడా మెత్తబడింది. ఒక్కరాత్రిలో చదివేసిందట. నిన్న శనివారం డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంటే ఇంకో శిష్యురాలు చూసింది. ఆవిడ పేరేమిటో ఉందిగానీ అందరూ ‘బ్రేకమ్మ’ అంటారు. దేన్ని చూసినా బ్రేకు మీద కాలేస్తుంది కాబట్టి. కానీ నిన్న వేసినట్టు ఎప్పుడూ వెయ్యలేదట.

“నడిరోడ్డు మీద ఆపేసిందండీ. పుస్తకం తీసి, మధ్యలో ఏదో పేజీ వెతికి చూసింది, మొహం రంగు మారిపోయింది. ఇది ఎవరిదని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. మీ వదినగారి పేరు చెప్పాను. పట్టుకుపోయింది. ఇప్పుడు ఫోనెత్తట్లేదు.”

“ఎందుకడిగింది?”

“తెలీదు. మొహం మాత్రం మంచిగా లేదు.”

ముగింపు ఏమిటని ఈవిడనీ అడిగాడు. చచ్చినా చెప్పనంది. మంచి పుస్తకం చదివినవాళ్ళంతా ఇంత నీతిమంతులైపోతారని ఆయనకి అంతకుముందు తెలియదు.

మైదానం గోడకి చేరబడి కళ్ళజోళ్ళాయన తన పరిస్థితి బేరీజు వేసుకున్నాడు. ఇంకొకరి కంట పడకూడని పుస్తకం నలుగురి కంట పడింది. నాలుగో మనిషి ఎవరో తెలియదు, దాన్ని చూసి ఆవిడ మొహం రంగు మారిపోయింది. పేజీల మధ్య ఏముందో? పెద్ద టీచరు రహస్యంగా దాచుకున్న ఉత్తరమేమైనా ఉందా? ఇలాంటప్పుడు మగాడన్నవాడు ధైర్యం తెచ్చుకుని నిజం చెప్పాలి. ఆయన ఫోను తీసి పెద్ద టీచరుకి చేసి, పన్ను నొప్పిగా ఉంది, సమావేశానికి రాలేనని చెప్పాడు.

“సమావేశం ఎక్కడో గుర్తుందా, మూడో బెంచీ?”

గుర్తుంది. చెప్పేశాక గుర్తొచ్చింది. లోకంలో ఇన్ని రోగాలుండగా, వెళ్ళకూడని చోటే వైద్యం ఉన్న రోగాన్ని ఏరికోరి ఎంచుకున్నాడు. రెండు నిమిషాల్లో డాక్టరే ఫోను చేశాడు. ఆదివారమైనా ఫరవాలేదు, మనవాళ్ళకి కాకపోతే ఇంకెవరికి చేస్తాను, పదింటికల్లా వచ్చెయ్యండి అన్నాడు. రాకపోతే పెద్ద టీచరు స్వయంగా మీ ఇంటికొచ్చి తీసుకొస్తానంటున్నారు, అన్నాడు. ఆవిడ ఇంటికొస్తే బీరువా మీద ఖాళీ జాగా చూస్తారు. ఆయన వెళ్ళాడు.

క్లినిక్కు కుర్చీలో వెనక్కి వాలుతుంటే, ప్రాణం ముందే లేచి బయటికి వెళ్ళిపోయినట్టనిపించింది. డాక్టరు చేతికి తొడుగులు వేసుకుంటూ భయమా అని అడిగాడు. భయమే అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ ఉదయం ఆయన చెప్పిన మొదటి నిజం అది. డాక్టరు చిన్న ఇనుప కడ్డీతో ఎడమ దవడ పళ్ళు ఒక్కొక్కటే తడుతూ పోయాడు. ఏదో ఒకదాని దగ్గర మూలగాలి కదా. నాలుగోదాని దగ్గర మూలిగాడు.

“అనుకున్నా” అన్నాడు డాక్టరు, దీపం దగ్గరికి లాగి. “లోపల పెద్ద గొయ్యే ఉందండీ. ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారు?”

అబద్ధం చెప్పిన పంటిలో నిజంగా గొయ్యి ఉందని వినేసరికి ఆయనకి దేవుడున్నాడనిపించింది. ఆ దేవుడికి తన మీద కోపంగా ఉందని కూడా అనిపించింది. సూది చిగురులో దిగింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. డాక్టరు పన్ను తొలిచే మర ఆడిస్తూ, ఈమధ్య చదివిన ఒక దెయ్యం కథ చెప్పడం మొదలుపెట్టాడు. అందులో దెయ్యం మనుషుల్ని కుర్చీకి కట్టేస్తుంది.

సరిగ్గా దెయ్యం తలుపు తట్టే చోట జేబులో ఫోను మోగింది. చేతులు ఖాళీ లేకపోయినా, నోరు ఖాళీ లేని మనిషికి సాయం చేద్దామని డాక్టరు మోచేత్తో దాన్ని బయటికి నెట్టి, స్పీకరు నొక్కాడు. భార్య గొంతు గదంతా నిండింది.

“ఏమండీ, ఎవరో ఆవిడొచ్చింది. అక్క పంపించిందట. చేతిలో ఇంత లావు రిజిస్టరు. మీ పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది, ఇమ్మంటే ఇవ్వనంది. అది మన ఇంట్లోంచే వచ్చిందా అని అడిగి, మీ పూర్తి పేరు రాసుకుంది. మీరెక్కడున్నారంటే చెప్పాను. వస్తోంది.”

కళ్ళజోళ్ళాయన లేవబోయాడు. కదిలితే మర నాలుకలో దిగుతుందన్నాడు డాక్టరు. ఆయన కదలడం మానేసి, కుర్చీ చేతులు పట్టుకుని, పైకప్పు మీదున్న మరకని చూస్తూ, పూర్తి పేరు ఎందుకు రాసుకుంటారా అని ఆలోచించాడు. పోలీసులు రాసుకుంటారు. కోర్టువాళ్ళు రాసుకుంటారు. ఇంకెవరూ గుర్తు రాలేదు.

పదిన్నరకి ఆయన ముందు గదిలోకి వచ్చేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. ఎడమ చెంప ఉందో లేదో ఆయనకి తెలియడం లేదు. పెద్ద టీచరు చెయ్యి చాచి పుస్తకమేదని అడిగారు. ఆయన తలుపు వైపు చూపించాడు, అటునుంచే వస్తోంది కాబట్టి. బండిలో ఉందనుకుని, సరే వెళ్ళేటప్పుడు ఇద్దువుగాని, ముందు ముగింపు గురించి చెప్పమన్నారు. ఆయన లేచి నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పేసి కాళ్ళ మీద పడిపోదామని నోరు తెరిచాడు. మొద్దుబారిన పెదవుల్లోంచి మాటలు నలిగిపోయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బయటికొచ్చాయి. సూది దెబ్బకి కారిన నీళ్ళు ఇంకా ఆగలేదు. ఎవరికీ ఒక్క మాటా అర్థం కాలేదు. నర్సరీ ఆవిడ చెంగు కళ్ళకద్దుకుంది. పెద్ద టీచరు మెకానిక్కు వైపు తిరిగి, చదవడమంటే ఇదీ అన్నారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

వచ్చినావిడకి నలభై దాటి ఉంటాయి. చంకలో రిజిస్టరు, చేతిలో గోధుమరంగు అట్ట పుస్తకం. గొంతు పెంచలేదు. అసలు ఆ గొంతు పెంచడం అలవాటు లేనట్టు గుసగుసగా మాట్లాడింది. అరిస్తే ఇంత భయం వేసేది కాదు. కళ్ళజోళ్ళ దుకాణం వారెవరని అడిగింది. అందరూ ఆయన్ని చూశారు. తాను ఊరి గ్రంథాలయాధికారినని చెప్పి, పుస్తకం తెరిచింది.

“నిన్న డ్రైవింగు కారులో దొరికిందండి ఇది. మొదటి పేజీ చింపేసినా మా ముద్ర పోదండి. నూట ఒకటో పేజీలో కూడా వేస్తాం. ఆ సంగతి బయటివాళ్ళకి తెలియదు. ఈ పుస్తకం పోయి పంతొమ్మిదేళ్ళయింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల. మధ్యాహ్నం పూట కూర్చుని దీన్నే చదువుతుండేదాన్ని, అందుకని పైవాళ్ళు నన్నే అనుమానించారు. మీ ఇంట్లోంచి వచ్చిందని మీ ఆవిడ చెప్పారు. మీరు తీసుకెళ్ళారా?”

మెకానిక్కు ఆయన పక్కనుంచి కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. కళ్ళజోళ్ళాయన పెద్ద టీచరు వైపు చూశాడు. ఆవిడ అడుగుతారు, కొడతారు, ఏదో ఒకటి చేస్తారు అనుకున్నాడు. ఆవిడ ఏమీ చెయ్యలేదు. సంచీని రెండు చేతులతో ఒళ్ళోకి అదుముకుని కూర్చున్నారు. సంచీ వణుకుతోంది. పొద్దుటినుంచీ ఆ వణుకు తన ఒంట్లోనే ఉంది కాబట్టి ఆయన ఇట్టే గుర్తుపట్టాడు. గ్రంథాలయం హాలులో గాలెందుకు ఆడదో, ఇంకొకరి కంట పడకూడదని రెండుసార్లు ఎందుకు చెప్పారో, అప్పుడు తెలిసింది.

వేలెత్తి చూపిస్తే చాలు, తను బయటపడతాడు. నోరు పనిచెయ్యకపోయినా వేలు పనిచేస్తోంది. ఆయన చెయ్యి లేచింది. కానీ పెద్ద టీచరు వైపు వేలు చూపించడం ఆ చేతికి ఏడో తరగతి నుంచీ రాదు. ఎంత లేపినా అటు తిరగలేదు. చివరికి అది తిరిగి తిరిగి ఆయన గుండె మీదకే వచ్చి ఆగింది.

“కూర్చో, మూడో బెంచీ” అన్నారు పెద్ద టీచరు. లేచి నిలబడ్డారు. ఆ గదిలో వాళ్ళెవరూ ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడగా వినలేదు. “తీసుకెళ్ళింది నేనమ్మా.”

తరవాత చెప్పిందంతా నేల చూస్తూనే చెప్పారు. పదిహేను రోజులకని తెచ్చుకున్నారట. ఇంకొక్కసారి చదివి ఇద్దామనుకున్నారట. ఆలోగా గడువు దాటింది. పిల్లల్ని ఆలస్యానికి గోడకుర్చీ వేయించే మనిషి, ఆలస్యంగా వచ్చానని ఏ మొహంతో చెబుతుంది? వారం నెలైంది, నెల ఏడాదైంది. సంతకం పెట్టిన పాత రిజిస్టరు వానకి తడిసి పోయిందని తెలిసి సంతోషించారట. ఆ సంతోషానికి సిగ్గుపడి, ఇక ఆ వీధిలోకే వెళ్ళలేదట. మొదటి పేజీ చింపిన రోజు అన్నం తినలేదట. ఇన్నేళ్ళ తరవాత ఒక్కరితోనైనా ఆ పుస్తకం గురించి మాట్లాడకపోతే చచ్చిపోతాననిపించి, నోరు విప్పడానికి భయపడేవాణ్ణి చూసి ఇచ్చారట. ఇంకొకరి మీద అనుమానం పడి ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదన్నారు. అది చెప్పేటప్పుడు తలెత్తి గ్రంథాలయాధికారిని చూశారు. “నిన్ను ఏమన్నా అన్నారా అమ్మా?”

“అన్నారు. తరవాత మర్చిపోయారు” అంది ఆవిడ.

ఆవిడ రిజిస్టరు తెరిచింది. అది పోయిన పుస్తకాల పట్టీ. మొదటి పేజీలో మొదటి వరస మీద పెన్ను పెట్టి, గీత కొట్టి, పక్కన తేదీ వేసింది. అందరూ తరవాత ఏ శిక్ష చదువుతుందోనని చూస్తున్నారు. పెద్ద టీచరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గ్రంథాలయాధికారి మాత్రం రిజిస్టరు మూసి, వాళ్ళ మధ్య ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడింది.

“నేను సగం దాకా చదివాక పోయిందండి ఇది. పంతొమ్మిదేళ్ళు, కథలో ఆ పిల్ల ఏమైందోనని. రాత్రి పూర్తిచేశాను. ఒక్కటి చెప్పండి టీచరుగారూ. చివర్లో ఆ రేవు మెట్లు దిగి పడవ ఎక్కి వెళ్ళిపోయిందంటారా, అక్కడే ఉండిపోయిందంటారా?”

“వెళ్ళింది” అన్నారు పెద్ద టీచరు, గొంతు సగం తిరిగొచ్చి.

“లేదండీ, వెళ్ళలేదు.”

“వెళ్ళిందమ్మా. చెప్పులు పైమెట్టు మీద వదిలిందని ఎందుకు రాసింది మరి?”

మెకానిక్కు, నర్సరీ ఆవిడ చెవులు మూసుకుని, మేమింకా చదవలేదు మొర్రో అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. పావుగంట గడిచాక ఇద్దరూ కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి, ఇంతగా ఏడ్చారు, మీరే చెప్పండి అన్నారు. నేరాలన్నీ బయటపడుతున్న రోజు. ఆయనకీ తన బరువు దించుకోవాలనిపించింది. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, మొద్దుబారిన నోటితో, “చదవలేదు” అన్నాడు.

“చూశారా, కదలలేదంటున్నారు” అంది గ్రంథాలయాధికారి.

పెద్ద టీచరు ఆయన్ని చాలాసేపు చూశారు. మూడో బెంచీలో ఇంత తెలివి ఉంటుందనుకోలేదు, ఆ కోణంలోంచి మళ్ళీ చదవాలి అన్నారు.

కానీ పుస్తకం ఇప్పుడు గ్రంథాలయానిది. కావలసినవాళ్ళు పేరు రాసుకుని, వంతు వచ్చాక, పదిహేను రోజులకి తీసుకెళ్ళాలి. రిజిస్టరు వెనక కొత్త పేజీ తెరిచేసరికి కళ్ళజోళ్ళాయన అందరికన్నా ముందు వెళ్ళి సంతకం పెట్టాడు. మళ్ళీ చదువుతాడట అని మిగతావాళ్ళు మెచ్చుకుని, ఆయన వెనకే నిలబడ్డారు. వదినగారికీ, డ్రైవింగు నేర్పే ఆవిడకీ ఫోను చేసి వాళ్ళ పేర్లు కూడా రాయించారు.

పెద్ద టీచరు పేరు వరసలో తొమ్మిదోది. ముందున్న ఎనిమిది మందీ నెమ్మదిగా చదివేవాళ్ళే.